పట్నం వాడేసిన నీళ్ళు మన చెరువుకొస్తే

మా ఊరు నిడుగల్లు. తుమకూరు జిల్లా, పావగడ తాలూకా. మ్యాపులో చూస్తే దాదాపు మూడు పక్కలా ఆంధ్రా, నడుమ మా తాలూకా. ఇంట్లో మాట తెలుగు, బడిలో చదువు కన్నడం, కరువు మాత్రం రెండు రాష్ట్రాలదీ. చోళ వంశపు రాజులు ఏలిన దుర్గం మా ఊరికి పేరు తెచ్చింది. కోట ఎంత గట్టిదైనా కొండ మీద వాన నీళ్ళు పట్టుకోకపోతే ఒక్క ఎండాకాలం నిలవదని ఆ కాలపోళ్ళకు తెలుసు. ఇప్పుడేమో బోరు ఎంత లోతుకు దించితే అంత ఫ్లోరైడు. మా పక్క పిల్లోళ్ళ పళ్ళ మీది పసుపు చారలు చూసి ఏ తాలూకావాళ్ళో చెప్పేయొచ్చు.

ఆ కరువే మా నాయన్ను బెంగళూరు మిల్లుకు తోలింది. అద్దకం ఖాతాలో పని. ఏ రంగు గుడ్డ అద్దితే మిల్లు వెనక మోరీ ఆ రంగులో పారేది. మిల్లు మూతపడ్డాక మా ఇంట్లో ఎవరికి దొరికిన పని వాళ్ళు చేసుకున్నాం. నేను ఒక పెద్ద అపార్టుమెంటులో మురుగునీళ్ళు శుద్ధి చేసే ప్లాంటుకు ఆపరేటరుగా చేరాను. ఏడేళ్ళయింది. కాబట్టి ఇక్కడ రాసేది చదివి తెలుసుకున్నది కొంత, ముక్కుతో తెలుసుకున్నది కొంత.

ఈ మధ్య ఊరికి పోతే అరుగు మీద పెద్దాయన ఒకరు అడిగినారు: "ఏమప్పా, బెంగళూరు మోరీ నీళ్ళు చెరువులకు తెచ్చి నింపుతారంట. మన దాకా వస్తే ఒప్పుకోవాలా, వద్దా?" మాటలో కోపముంది, ఆశ కూడా ఉంది. ఎండిన చెరువు చూసి చూసి విసిగినోళ్ళకు రెండూ ఉంటాయి.

ముందు లెక్క చూద్దాం. పట్నంలో మనిషికి రోజుకు 135 లీటర్లు ఇవ్వాలని సర్కారు కొలత. మన కాలనీల్లో అన్ని నీళ్ళు ఎవరికొస్తాయో అది వేరే కథ. ఇంట్లో ఐదుగురుంటే 675 లీటర్లు. అందులో వందకు ఎనభై పాళ్ళు, అంటే 540 లీటర్లు, మళ్ళీ మోరీలోకే పోతాయి. బెంగళూరు తాగే కావేరి నీళ్ళు వంద కిలోమీటర్ల దాకా పైపుల్లో వచ్చి, వందల మీటర్ల ఎత్తుకు మోటార్లతో ఎక్కుతాయి. 2024 అక్టోబరులో ఐదో దశ మొదలుపెట్టి రోజుకు ఇంకో 77 కోట్ల 50 లక్షల లీటర్లు తెచ్చారు. అంత కరెంటు పోసి ఎక్కించిన నీళ్ళను ఒక్కసారి వాడి మోరీలో వదిలేయడం ఏ లెక్కన చూసినా దండగే. అదే ఏడాది మార్చిలో నీళ్ళకు కటకటలాడి, తాగే నీళ్ళతో కారు కడిగితే ఐదువేల జరిమానా అన్నారు.

ఈ ప్లాంటులో మంత్రమేమీ లేదు. ముందు జల్లెడలో ప్లాస్టిక్కు, గుడ్డపీలికలు ఆగుతాయి. తర్వాత ఇసుక దిగుతుంది. ఆ పైన పెద్ద తొట్టిలో రాత్రింబవళ్ళు గాలి ఊదుతాం. గాలి దొరికితే కంటికి కనపడని క్రిములు మురికిని తిని పెరుగుతాయి. ఇంకో తొట్టిలో నీళ్ళు నిలిపితే క్రిములు బురదగా అడుక్కు దిగి, పైన తేట నిలుస్తుంది. ఆ బురదలో కొంచెం తీసి మళ్ళీ మొదటి తొట్టిలో వేస్తాం. మా అవ్వ పెరుగుకు తోడు దాచినట్టే. తోడు చెడితే పాలు విరిగినట్టు, ఈ బురద చస్తే ప్లాంటు చచ్చినట్టే.

దాన్ని చంపేవి రెండు. ఒకటి, గాలి ఆపడం. నేను పనిచేసిన ఒకచోట కరెంటు బిల్లు ఎక్కువొస్తోందని రాత్రి పూట బ్లోయరు ఆపమన్నారు. ఆపితే ఏమవుతుందో పుస్తకంలో రాసి సంతకం పెట్టి ఇచ్చాను. వారం తర్వాత పై అంతస్తుల దాకా వాసన కొడితే మళ్ళీ నడపమన్నారు. రెండోది, రంగులు, యాసిడ్లు, లోహాలు. ఇంటి మురికిని క్రిములు తింటాయి కానీ అద్దకం ఖాతా నుంచి వచ్చిన నీళ్ళను తినలేవు. అందుకే ఫ్యాక్టరీ నీళ్ళు, ఇంటి నీళ్ళు ఒకే మోరీలో కలవకూడదు. ప్లాను వేసేవాళ్ళు ముందు చూడాల్సింది ఇదే.

ఇక కోలారు సంగతి. అక్కడ కూడా మన తెలుగోళ్ళు చాలామంది ఉన్నారు. కోరమంగల–చల్లఘట్ట లోయ మురుగును శుద్ధి చేసి రోజుకు 44 కోట్ల లీటర్లు కోలారు, చింతామణి పక్క 126 చెరువులకు పంపే పథకం 2018 జూన్‌లో మొదలైంది. మొదట నిండింది లక్ష్మీసాగర చెరువు. నెల తిరక్కుండా జూలైలో నురగ పొంగింది. సంగతి కోర్టుకెక్కి నీళ్ళు ఆగినాయి, తర్వాత మళ్ళీ వచ్చినాయి. ఏళ్ళ తరబడి ఎండిన చెరువుల్లో నీళ్ళు నిలిచి, చుట్టూ బోర్లలో నీళ్ళు పైకొచ్చినాయి. అది నిజం. ఆ నీళ్ళు రెండో మెట్టు శుద్ధితోనే వస్తున్నాయి, మూడో మెట్టు కూడా కావాలని రైతులు, శాస్త్రజ్ఞులు అడుగుతూనే ఉన్నారు. అదీ నిజమే. రెండో మెట్టంటే నేను చెప్పిన తోడు తొట్టి. మూడో మెట్టులో మిగిలిన సన్నటి మురికి వడగట్టి, ఎరువుల్లాంటి నత్రజని, భాస్వరం తగ్గించి, రోగం తెచ్చే క్రిములను చంపుతారు. ఫ్లోరైడు తాగి పళ్ళు, ఎముకలు పోగొట్టుకున్న ఊరికి భూమిలో ఇంకే నీళ్ళంటే భయం ఉండటం తప్పు కాదు.

వృషభావతి లోయ నీళ్ళను శుద్ధి చేసి నెలమంగల, తుమకూరు వైపు చెరువులకు పంపే పథకం కూడా తలపెట్టినారు. నిడుగల్లు ఇంకా దూరం. అయినా పైపు గుమ్మం దాకా వచ్చినాక అడిగేకన్నా ముందే అడగడం మేలు.

బయటా చాలాచోట్ల ఈ పని జరుగుతోంది. మనవాళ్ళు వేలమంది మగ్గాలు నడిపే సూరత్‌లో, బమ్రోలి దగ్గర మురుగును మూడో మెట్టు దాకా శుద్ధి చేసి పాండేసరా అద్దకం మిల్లులకు అమ్ముతున్నారు. మిల్లుకు నీళ్ళు దొరికె, నగరానికి డబ్బులు వచ్చె. ఆఫ్రికాలో నమీబియా రాజధాని విండ్‌హుక్ 1968 నుంచి అలాంటి నీళ్ళను ఇంకా శుద్ధి చేసి తాగుతోంది. చేతకాదనే మాట లేదు. రోజూ ఒళ్ళు దాచుకోకుండా నడపాలి, అంతే.

అరుగు మీద పెద్దాయనకు నేను చెప్పిన జవాబు ఇది. ఒప్పుకుందాం, కానీ నాలుగు మాటలు రాసిస్తేనే. మూడో మెట్టు శుద్ధి అయినాకే నీళ్ళు రావాలి. నెలనెలా పరీక్ష ఫలితం పంచాయితీ గోడ మీద కన్నడంలో, తెలుగులో అందరికీ అర్థమయ్యేట్టు అంటించాలి. తాగే నీళ్ళ దారి వేరే ఉండాలి. తుంగభద్ర నీళ్ళ పథకం ఉంది కదా అని చెరువు పక్క తాగునీళ్ళ బోర్లను పరీక్ష చేయకుండా వదలకూడదు. పచ్చిగా తినే కూరాకు మీద ఆ నీళ్ళు నేరుగా పారించకూడదు.

అంతా విని ఆయన, "మరి మురుగు తొట్టిలోకి దిగేది ఎవురు?" అన్నారు. ఆ మాట నాకు తట్టలేదు. దిగేది మన కాలనీల పిల్లోళ్ళే. మోరీలోకి, తొట్టిలోకి మనిషిని రక్షణ లేకుండా దించకూడదని 2013లోనే చట్టం వచ్చింది. అయినా విషపు గాలి పీల్చి చనిపోయినవాళ్ళ వార్తలు ఆగలేదు. కాబట్టి ఐదో మాట కూడా చేర్చినాం: మిషను దిగాలి, మనిషి దిగకూడదు.

ఇది చదివే అక్కలకు, అన్నలకు ఒక మనవి. మీ ఇంట్లో ఎవరైనా ఇలాంటి ప్లాంటులో పనిచేస్తుంటే, తొట్టిలోకి దిగమంటే దిగొద్దని ఈ రాత్రే చెప్పండి. లోపల పడినవాణ్ణి కాపాడాలని వెనకే దూకొద్దని కూడా చెప్పండి. ఒకరి వెనక ఒకరు పోయేది అట్లానే.