కాలూ వయసు ఎంత?

కొంచెం పెద్ద పోస్టు, ఓపికగా చదవండి.

నేను నాచారంలో రూం తీసుకుని ఉంటున్న సంగతి మీలో కొందరికి తెలుసు. మా గల్లీలో కాలూ అని ఒక కుక్క. ఎవరిదీ కాదు, అందరిదీ. పోయిన నెల దాని కాలి మీద గడ్డ పెరిగితే ఆటోలో వేసుకుని ఉప్పల్‌లో ఒక డాక్టర్ దగ్గరికి పోయినం. "వయసెంత?" అన్నడు. మత్తు ఇయ్యాలంటే అది తెలియాలట. నేను నీళ్లు నమిలిన.

ఆయన దాని మూతి తెరిచి పళ్లు చూసిండు. పిల్లకుక్కకైతే పళ్ల లెక్క బాగానే కుదురుతుందట. నాలుగు నెలలప్పుడు పాలపళ్లు ఊడటం మొదలవుతుంది, ఏడు నెలలకల్లా గట్టి పళ్లు వచ్చేస్తాయి. ఆ తర్వాత అంతా అందాజే. బొక్కలు కొరికే వీధి కుక్క పళ్లు ముందే అరిగిపోతాయి కదా. "పదేళ్లు ఉండొచ్చు" అన్నడు. చెవి కొస కత్తిరించి ఉంది, పిల్లలు కాకుండా ఆపరేషన్ చేసిన గుర్తు. తేదీ మాత్రం చెవి మీద రాయరు.

నాకు మా బడి గుర్తొచ్చింది. సార్ నా చెయ్యి తల మీదుగా అవతలి చెవికి అందుతుందా లేదా చూసి ఐదేళ్లు అని రాసుకున్నడు. తేదీ జూన్ 10. మా యాడినేమో పత్తి ఏరేటప్పుడు పుట్టినవ్ అంటుంది, అంటే నవంబర్. నిరుడు ఒక నోటిఫికేషన్‌లో నాలుగు నెలల తేడాతో నా వయసు దాటిపోయింది. యాడి లెక్కైతే ఇంకో నెల మిగిలి ఉండె.

నా రూమ్మేట్ వెంటనే గుణించిండు. "పది ఇంటూ ఏడు, డెబ్బై. ముసల్ది, ఎందుకురా కోయించుడు?"

గల్లీ చివర చాయ్ బండి పెద్దమ్మకు ఫోన్ చేసిన. "మెట్రో షురువైన చలికాలం పుట్టింది బిడ్డా, నా బండి కిందనే." నాగోల్–అమీర్‌పేట మెట్రో 2017 నవంబర్ చివర్లో మొదలైంది. అంటే 2025లో ఎనిమిదేళ్లు. తండాలో మనోళ్లు "ఎన్టీఆర్ గెలిచిన ఏడు" అని చెప్పే లెక్కే ఇది. నేను పళ్ల కంటే దీన్నే నమ్మిన.

ఏడుతో గుణించుడు కూడా తప్పే. ఏడాది కుక్క పిల్లల్ని పెట్టగలదు, ఏడేళ్ల పాప పెట్టగలదా? అమెరికా పశువైద్యుల అందాజు ప్రకారం మొదటి ఏడు 15, రెండో ఏడు 9, తర్వాత ఏడాదికి 5. కాలూకు 54. 2020లో కాలిఫోర్నియా పరిశోధకులు 104 లాబ్రడార్ల డీఎన్‌ఏ మీద మిథైల్ గుర్తులు చూసి ఇంకో సూత్రం చెప్పిన్రు: కుక్క వయసుకు సహజ లాగరిథం తీసి, 16తో గుణించి, 31 కలపాలి. దాంతో 64. మ్యాథ్స్ వాళ్లు చేసి చూడండి. అయితే కాలూ లాబ్రడార్ కాదు. సీసీఎంబీ మాకు దగ్గరే గానీ, దాని డీఎన్‌ఏ ఎవరు చూస్తరు?

ఏ లెక్కైనా డెబ్బై రాలేదు. కోయించినం.

డాక్టర్ చీటీ మీద "వయసు: సుమారు 8" అని రాసిండు. ఆ "సుమారు" దగ్గర నా కళ్లు ఆగిపోయినయి. నా టెన్త్ మెమోలో ఆ మాట లేదు.

కాలూకు కుట్లు ఇంకా విప్పలేదు. పెద్దమ్మ బండి కిందనే పడుకుంటుంది, బిస్కెట్ చూపిస్తే లేస్తుంది. అవునూ, మీలో జూన్‌లో "పుట్టినోళ్లు" ఎంతమంది?