పేగు విప్పిన చేతులు

పల్నాడులో దాచేపల్లి, గురజాల మధ్య ఉన్న ఒక జిల్లా పరిషత్ హైస్కూలు చూసి రమ్మని సంపాదకులు పంపారు. కొత్త గదులు, గోడకు పెద్ద తెర, మధ్యాహ్న భోజనం అన్నీ ఉన్నాయి, బాగున్నాయి. వాటి గురించి రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు. నేను రాయాలనుకున్నది బడి వెనక వేపచెట్టు కింద రెండు బల్లలు జోడించి, పట్టా పరిచి, పదో తరగతి పిల్లల ముందు మేకపేగు విప్పిన పెద్దావిడ గురించి.

ఆదివారాలు మటన్ కొట్ల దగ్గర కూర్చుని బోటి శుభ్రం చేయడం ఆమె పని. జీర్ణవ్యవస్థ పాఠం మొదలుపెట్టబోతూ సైన్సు మాస్టారు స్వయంగా వెళ్ళి ఆమెను పిలుచుకొచ్చారు. ఎన్నో ఏళ్ళుగా చేస్తున్న పని పదిమంది పిల్లల ముందు చేయడానికి ఆమె మొదట కొంగు సవరించుకుంటూ తటపటాయించింది. చేతులు తడిశాక ఆ బెరుకు పోయింది.

పిడుగురాళ్ళ సున్నం కొంచెం కలిపిన వేడినీళ్ళలో పొట్టను ముంచి, కత్తి వెనకవైపుతో నల్లపొర గీకసాగింది. "నీళ్ళు మరీ కాగితే పొర అంటుకుపోయిద్ది, చల్లారితే ఊడిరాదు. వేలు పెట్టి చూసుకోవాలి అమ్మాయ్" అని ముందువరసలో ఉన్న పిల్ల చెయ్యి పట్టుకుని నీళ్ళలో ముంచింది. పొర పోయిన చోట తుండుగుడ్డ నూలులా లేచిన తెల్లటి బొడిపెలు బయటపడ్డాయి. పిల్లలంతా ముందుకు తోసుకొచ్చారు.

"మేక పొట్టకు నాలుగు గదులు" అన్నారు మాస్టారు. ఆయన చెప్పకముందే ఆమె నాలుగింటినీ కత్తి మొనతో విడదీసి పెట్టేసింది. మొదటి గదుల్లో గడ్డిని సూక్ష్మజీవులు పులియబెడతాయి. మనకున్నట్టు ఆమ్లం ఊరేది నాలుగో గదిలోనే. మనిషికి ఉన్నది ఆ ఒక్క గదే. అందుకే మనం గడ్డి తిని బతకలేం.

"మరి మీ జీర్ణాశయం ఎక్కడుందో చెయ్యి పెట్టి చూపండి" అన్నారాయన. దాదాపు అందరూ బొడ్డు మీద పెట్టుకున్నారు. ఆయన ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి, చెయ్యి పైకి జరిపి, ఎడమ పక్కటెముకల కింద పెట్టించారు. గొంతు నుంచి సుమారు 25 సెంటీమీటర్ల ఆహారవాహిక, దాని కింద ఈ సంచి, భోజనం చేస్తే ఒకటి ఒకటిన్నర లీటర్లు పట్టేటంత సాగుతుంది. ఆ సంచికి కాస్త పైనే, ఒక్క పలచటి కండరపు పొర అవతల, గుండె.

ఈ మాట పెద్దవాళ్ళు కూడా వినాలి. గుండెపోటు నొప్పి కొందరిలో కడుపు పైభాగంలోనే మొదలైనట్టుంటుంది. గ్యాసు అనుకుని సోడా తాగి, వాము నమిలి, తెల్లారేదాకా ఓర్చుకున్నవాళ్ళ కథలు మన ఊళ్ళలో కొల్లలు. తన ఒంట్లో ఏది ఎక్కడుందో తెలియని మనిషికి ఆ గంటలు ఎంత విలువైనవో ఎలా తెలుస్తుంది?

తర్వాత పేగు. ఆమె కొస పట్టుకుని లాగుతుంటే పిల్లలు వరసగా నిలబడి అందుకున్నారు. బల్ల దాటింది, చెట్టు దాటింది, వరండా మెట్ల దాకా పోయింది. మనిషి చిన్నపేగు ఆరు మీటర్ల దాకా, పెద్దపేగు ఒకటిన్నర మీటరు. ఆమె సన్నపుల్ల దోపి మేకపేగులో ఒక ముక్కను లోపలివైపు బయటికి తిరగేసింది. ఎక్కడా చిరగలేదు. "చిరిగితే కొనేవాళ్ళు తిడతారయ్యా" అంది నాతో. అంత నేర్పుకు ఆమెకు ఎవరూ ఏ పేరూ పెట్టలేదు.

మన చిన్నపేగు లోపలి గోడ నిండా మిల్లీమీటరుకు మించని బొడిపెలు, వాటినే చూషకాలంటారు. పిండిపదార్థం చక్కెరగా, మాంసకృత్తులు అమైనో ఆమ్లాలుగా విరిగి ఒంట్లో కలిసేది అక్కడే. ఆ గోడ మడతలన్నీ విప్పితే టెన్నిస్ కోర్టంత ఉంటుందని పుస్తకాలు చాలాకాలం చెప్పాయి. 2014లో స్వీడన్ పరిశోధకులు కొలిచి, జీర్ణనాళం మొత్తం కలిపినా సుమారు 32 చదరపు మీటర్లేనని తేల్చారు. అదీ చిన్నదేం కాదు. మనం తాగే నీళ్ళు, ఒంట్లో ఊరే రసాలు కలిపి రోజుకు తొమ్మిది లీటర్ల దాకా దాని మీదుగా పోతాయి. దాదాపు అంతా తిరిగి రక్తంలోకి చేరుతుంది.

ఈ గోడ పాడైతే ఏమవుతుందో మన తెలుగువాడి ఇంటికే తెలుసు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు సోదరులిద్దరు స్ప్రూ అనే పేగుజబ్బుతో పోయారు. ఆయనకూ వచ్చి తగ్గింది. ఆ జబ్బులో చూషకాలు చదునైపోతాయి, తిన్నది ఒంటికి పట్టదు. 1945లో అమెరికాలో ఆయన నడిపిన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారుచేసింది. స్ప్రూ రోగులకు అది మందయింది. మాస్టారు ఈ కథ చెబుతుంటే పేగు పట్టుకున్న పిల్లల చేతులు కదల్లేదు.

సరిగ్గా అప్పుడే వరండాలోంచి ఒక గొంతు వినిపించింది: "పరీక్షలు దగ్గరకొస్తుంటే ఈ కంపేంటండీ? పటం గీస్తే మార్కులొస్తాయిగా." అన్నది చెడ్డ మనిషేమీ కాదు, సిలబస్ ముగించాలన్న ఆదుర్దా అది. కానీ నాకు ఒళ్ళు మండింది. పటం గీసి, బాణాలు పెట్టి, పేర్లు రాసి, పూర్తి మార్కులు తెచ్చుకున్న తరాలే కదా ఇవాళ ప్రతి నొప్పికీ గ్యాసు మాత్ర మింగుతున్నది!

మాస్టారు ఆ మాటకు జవాబివ్వలేదు. "మిరపకాయ తింటే కడుపులో పుండు పడుద్దంటారు, నిజమేనా?" అని పెద్దావిడ అడిగిన ప్రశ్నకు ఇచ్చారు. మిరప పండే పల్నాడులో ఇంతకన్నా అవసరమైన ప్రశ్న లేదు. మిరప మంట నిప్పు మంట కాదు. వేడిని పసిగట్టే నరాల తలుపును కాప్సైసిన్ తడుతుంది, అంతే. ఆ తలుపును 1997లో గుర్తించిన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ వచ్చింది. పుండు ఉన్నవాళ్ళకు కారం బాధ పెంచవచ్చు గానీ, పుండు పడటానికి ముఖ్య కారణాలు రెండు. ఒకటి హెలికోబాక్టర్ పైలోరీ అనే సూక్ష్మజీవి. ఆ సంగతి రుజువు చేయడానికి బారీ మార్షల్ 1984లో తానే ఆ సూక్ష్మజీవులను తాగారు. రెండోది కొన్ని రకాల నొప్పిమాత్రలు. ఆమ్లం నుంచి జీర్ణాశయపు గోడను కాచే జిగురుపొరను అవి పలచబరుస్తాయి.

ఒక పిల్ల మెల్లగా అంది: "మిరప కోతలకెళ్ళినప్పుడు మా అమ్మ పొద్దున్నే ఒకటి, సాయంత్రం ఒకటి వేసుకుంటది సార్." మరో నలుగురు తలలూపారు. వంగి వంగి నడుములు విరిగే పని, పరగడుపునే మాత్ర, ఆ తర్వాత కడుపులో మంట, ఆ మంటకు నింద మిరపకాయ మీద. కర్నూలు వైపు నుంచి కుటుంబాలతో వలసొచ్చే కూలీలదీ ఇదే దారి.

నా ఫిర్యాదు ఇదీ. బడి గోడకు తెర బిగించాం, ప్రయోగశాలకు తాళం వేశాం. బోటి కడిగే చేతులకు తెలిసిన శరీరశాస్త్రాన్ని నీచుపనిగా చూసి గేటు బయటే ఉంచాం. ఆ పనిలోకి కొత్తవాళ్ళు రావడం లేదని, తన కోడలు ముట్టుకోనంటుందని ఆమె చెప్పింది. ఆమెతోపాటు ఆ నేర్పూ పోతుంది. ప్రతి హైస్కూల్లో ఏడాదికి ఒక పూట ఇలాంటి మనిషిని పిలిచి, కూర్చోబెట్టి, గౌరవ వేతనం ఇచ్చి పాఠం చెప్పిస్తే ప్రభుత్వానికయ్యే ఖర్చు ఒక్క తెర ఖరీదులో ఎన్నో వంతు?

ఆ పూట కూడా పరీక్షల ముందు వద్దు, మిరప కోతల ముందు పెట్టాలి. పరగడుపున ఆ మాత్ర వేసుకోవద్దమ్మా, నొప్పి తగ్గకపోతే పెద్దాసుపత్రికి పోదామని అమ్మతో చెప్పగలిగే పిల్ల ఇంటికొకరు తయారవ్వాలి. అలా చెప్పగలిగిన పిల్లకు ఈ పాఠంలో పూర్తి మార్కులు వేయాలి.