బ్రేకు తొక్కకపోయినా చప్పుడే

పాత బ్రేకులు అరిగి చివరికొచ్చినా నోరు మెదపలేదు. కొత్త రోటర్లు, కొత్త ప్యాడ్లు వేయించుకుని షాపు దాటానో లేదో, ముందు ఎడమ చక్రం దగ్గర గర్రుమంటూ ఒకటే రాపిడి. వెనక్కి తిప్పి తీసుకెళ్తే కౌంటర్లో కుర్రాడు మహా మర్యాదగా అన్నాడు: "కొత్త ప్యాడ్లు కదండీ, రెండొందల మైళ్ళు తిరిగితే సర్దుకుంటాయి."

సర్దుకునే మాట అబద్ధం కాదు. ముప్పై మైళ్ళ వేగంలో వెళ్తూ మెల్లగా తగ్గించడం, కాసేపు చల్లారనివ్వడం, మళ్ళీ తగ్గించడం. అలా చేస్తుంటే ప్యాడు మీది పదార్థం పల్చటి పొరలా రోటరుకు పట్టుకుంటుంది. అప్పటిదాకా తొక్కినప్పుడల్లా కాస్త కీచుమన్నా ఓర్చుకోవాలి. కానీ నా కారు మోగేది బ్రేకు తొక్కినప్పుడు కాదు, తొక్కనప్పుడు! వేగం పెరిగితే చప్పుడూ జోరందుకుంటోంది, స్టీరింగ్ కుడికి తిప్పితే ఆగిపోతోంది. ఇదంతా చెబితే ఆ కుర్రాడు శ్రద్ధగా టైపు చేసుకున్నాడు. మెకానిక్ ఒక్కడే కారెక్కి, కిటికీలు బిగించుకుని, పార్కింగ్ స్థలంలో ఒక చుట్టు తిప్పి తెచ్చాడు. కాగితం మీద "శబ్దం వినబడలేదు" అని రాసిచ్చారు. వినబడనందుకు ఒక గంట కూలీ.

నా పక్క సీట్లో ఒక్క మనిషి కూర్చుంటే ఏం పోయింది? నన్ను లోపలికి రానివ్వరు, ఇన్సూరెన్సు ఒప్పుకోదట. మెకానిక్ బయటికి రాడు, ఎందుకో ఎవరూ చెప్పరు. మధ్యలో కంప్యూటర్, దాని వెనక ఆ కుర్రాడి చిరునవ్వు.

ఈ దేశాన్ని ఊరికే తిట్టలేను. మా మిషిగన్‌లో కారు రిపేరు మీద 1974లోనే చట్టం చేశారు. ఖర్చెంతవుతుందో షాపువాడు ముందే రాసివ్వాలి, తీసేసిన పాత సామాను తిరిగివ్వాలి. విడిభాగాల దుకాణానికి వెళ్తే డిపాజిట్ కట్టించుకుని పనిముట్లు అరువిస్తారు, తిరిగిచ్చేస్తే డబ్బంతా వాపసు. ఏ నట్టు ఎంత బిగించాలో పుస్తకంలో అంకెతో సహా ఉంటుంది. మన ఊళ్ళో మేస్త్రీల దగ్గర ఇవేవీ ఎరగం. ఇన్ని ఉన్నా సరే, ఇక్కడ పక్కన కూర్చోరు!

విజయవాడ ఆటోనగర్లో మా పెదనాన్న అంబాసిడర్ ఏ చప్పుడు చేసినా మేస్త్రీ ముందు కారెక్కి కూర్చునేవాడు. "పటమట దాకా పోనీయండి" అని తల బయటపెట్టి వినేవాడు. గోడ వచ్చిందంటే "దాని పక్కనే, నిదానంగా" అనేవాడు. గోడకు తగిలి తిరిగొచ్చే చప్పుడు చెవికి తేటగా తెలుస్తుంది మరి. ఇది గొప్పగా చెప్పబోతే మా అబ్బాయి అడ్డుపడ్డాడు: "అది డ్రమ్ము బ్రేకు కదా నాన్నా, రోటరే లేదు." నిజమే. ఆ కాలపు బందరు రోడ్డు మీద హారన్ల మధ్య ఇంత సన్నటి రాపిడి మేస్త్రీకి వినబడేదో లేదో! కానీ నాకు గుర్తున్నది వేరే. లైనర్లకు రివెట్లు కొట్టే చప్పుడు, లేతు మీద డ్రమ్ము చెక్కుతుంటే రాలే ఇనప రజను, "చిన్నబాబుకి సోడా తెండిరా" అన్న కేక. పెదనాన్న స్టూలు మీద కూర్చుని పని మొత్తం కళ్ళారా చూసేవాడు. చూడనివ్వడానికి అక్కడ ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఆదివారం నోవైలో మిత్రుల ఇంట్లో భోజనాలు. డెట్రాయిట్ చుట్టుపక్కల తెలుగువాళ్ళు నలుగురు కలిస్తే అందులో ఒకడైనా కారు కంపెనీ ఇంజనీరై ఉంటాడు. ఒకాయన ఇదంతా ప్యాడ్లలో రాగి తగ్గించడం వల్లేనన్నాడు. ప్యాడ్ల ధూళిలోని రాగి వాన నీళ్ళతో ఏరుల్లో కలిసి సాల్మన్ చేపలకు చేటు చేస్తోందని వాషింగ్టన్, కాలిఫోర్నియా రాష్ట్రాలు 2010లో చట్టాలు చేశాయి. 2025 నుంచి అది అర శాతానికి మించకూడదు. చేపలు చల్లగా ఉండాలి, కాదనను, నా సంగతేమిటి? బ్రేకు చప్పుళ్ళ మీద కంప్యూటర్లో లెక్కలు కట్టడమే ఉద్యోగమైన ఇంకొకాయన కొట్టిపారేశాడు. కీచు అంటే ప్యాడూ రోటరూ పట్టుకుని జారుతూ వణకడం, 1000 హెర్ట్జ్‌కు పైమాట, తొక్కితేనే వస్తుంది. తొక్కకుండా మోగుతోందంటే ఇంకేదో తగులుతున్నట్టే అన్నాడు. ఏది తగులుతోందో చూడమంటే, జన్మలో చక్రం విప్పి ఎరగనన్నాడు.

విప్పి ఎరిగినవాడు అదే ఇంట్లో పెరుగన్నం తింటున్నాడు. ఆ ఇంజనీరుగారి మావగారే, ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా రిటైరై, కూతుర్ని చూడ్డానికి వచ్చారు. చెయ్యి కడుక్కుని, "పదండి బాబూ, వింటే పోలా" అని ఆ బాబాయిగారు నా పక్క సీట్లో కూర్చున్నారు. అద్దం దింపించారు. వీధి చివరి దాకా వెళ్ళేసరికి ఆపమన్నారు.

రోటరు వెనకాల దుమ్ము పడకుండా పల్చటి రేకు ఒకటుంటుంది. అదే తగులుతోంది. ఇక్కడ చలికాలమంతా మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. డెట్రాయిట్ నగరం కిందే 1000 అడుగులకు పైగా లోతున ఉప్పు గని ఉంది, కొదవేం లేదు. ఆ ఉప్పుకి పాత రోటరు తుప్పుపట్టి హబ్బుకు కరుచుకుంటుంది, సుత్తి దెబ్బలకు గాని రాదు. ఆ దెబ్బల్లో రేకు వంగి ఉంటుందన్నారు. "మా బస్సులకి ఈ ఏర్పాటు లేదు గానీ, రేకు రేకే కదండీ!" కారు నిలబెట్టి, చక్రం పక్కకు తిప్పించి, చల్లారనిచ్చి, స్క్రూడ్రైవరుతో వెనక నుంచి రేకుని కొంచెం ఎడంగా వంచారు. రాపిడి పోయింది.

రివర్సులోంచి ముందుకు మార్చినప్పుడు మాత్రం ఒకసారి టక్కుమంటోంది. ప్యాడు కూర్చునే చోట క్లిప్పులుంటాయి, పాతవే మళ్ళీ పెట్టి ఉంటారని బాబాయిగారి అనుమానం. బిల్లులో కొత్త క్లిప్పులకు ఖరీదు రాసి ఉంది. తీసిన పాతవి ఏవని అడగడానికి శనివారం పొద్దున్నే షాపుకు వెళ్తున్నాం, ఇద్దరం. బాబాయిగారు ఇస్త్రీ చొక్కా తీసి పెట్టుకున్నారు.