డబ్బా నిండా లేసు సూదులు!

ఇన్నేళ్లూ ఈ లోకం నా కంట పడలేదంటే నమ్మలేకపోతున్నాను! బోధన్ దగ్గర ఒక క్యాంపులో, ఓ మామ్మగారు బిస్కెట్ల డబ్బా మూత తీశారు. లోపల గుడ్డలో చుట్టిన క్రోషే సూదులు, తళతళా మెరుస్తూ!

నిజాంసాగర్ నీళ్లు పారాక కోస్తా నుంచి వచ్చిన రైతులు కట్టుకున్న ఊళ్లే ఈ క్యాంపులు. మామ్మగారి పుట్టిల్లు నరసాపురం వైపు. శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీకి చెరకు తోలిన ఆ ఇంటికి కాపురానికి వస్తూ సూదులు వెంట తెచ్చుకున్నారట. ఆ సూదులతో చేసే పని, 1844 ప్రాంతంలో మిషనరీలు గోదావరి తీరాన ఆడవాళ్లకు నేర్పిన లేసు అల్లిక. 2024లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది.

"పట్టుకుని చూడమ్మాయ్" అంటూ అన్నిటికన్నా సన్నని ఉక్కు సూది చేతికిచ్చారు. నడుమ బొటనవేలు ఆనేచోట చదునుగా నొక్కి ఉంది, అంకె అక్కడే చెక్కారు: 0.75. అంటే మిల్లీమీటరు కూడా లేదు! సూది కొసన కొక్కెం, దాని కింద దారం కూర్చునే చిన్న గాడి. పువ్వులూ ఆకులూ వలలూ అన్నీ ఆ గాడిలోంచే పుడతాయి. అద్భుతం కాదూ!

అంకెల్లో ఒక తిరకాసు ఉంది. అమెరికా లెక్కలో ఉక్కు సూదికి నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. అందుకే కొనేటప్పుడు మిల్లీమీటర్లే చూడాలి. ఉన్నికి లావు అల్యూమినియం సూదులు, నూలు దారానికి సన్నని ఉక్కువి. క్రోషేకు ఒక్క సూది చాలు; స్వెట్టర్ అల్లే సూదులైతే జతగానే ఉండాలి, ఒకటి పోతే రెండోది ఊరికే పడి ఉంటుంది. మన ఎండలకు స్వెట్టర్లతో పనేముంది? నూలు లేసే మనకు తగింది!

మామ్మగారి జాగ్రత్తలు చూస్తే ముచ్చటేసింది. చెమట తగిలితే ఉక్కు తుప్పు పడుతుందని పని అయ్యాక సూదిని పొడిగుడ్డతో తుడుస్తారు. వానాకాలంలో కుట్టుమిషను నూనె ఒక్క చుక్క పూసి దాచి, మళ్లీ అల్లేముందు శుభ్రంగా తుడిచేస్తారు, లేకపోతే దారానికి మరక. రబ్బరు బ్యాండు మాత్రం చుట్టనివ్వరు, అందులోని గంధకం లోహాన్ని నల్లబరుస్తుంది. కొక్కెం గరుకెక్కిందేమోనని దూది మీద లాగి చూస్తారు. పోగు తగులుకుందా, సన్న గరుకు కాగితంతో మెల్లగా రుద్దుతారు. వెదురు సూదులను తడి తగలని చోట పెడతారు, నీరు పీలిస్తే వంగిపోతాయి మరి.

అప్పటి నుంచి గాంధీచౌక్ బజారు వైపు వెళ్తే చాలు, దారాల దుకాణాల్లో సూదులు అడుగుతున్నాను. నాకూ ఒక గుడ్డ సంచీ తయారైంది, సైజుకో అర కుట్టి!

మీ ఇంట్లో అమ్మమ్మదో నాయనమ్మదో పాత డబ్బా ఉంటే, దయచేసి పాత ఇనుముకు వేయకండి. ఇవాళే తీసి తుడవండి. పెద్దవాళ్లు ఉండగానే పక్కన కూర్చుని మొదటి గొలుసు అల్లడం నేర్చుకోండి.