నోటరీ గారింట్లో చరిత్ర

క్యుబెక్ పాతబస్తీలో, కోటగోడల లోపల, సేన్ ఫ్లావియాన్ అని ఒక ఇరుకు వీధి ఉంది. అందులో 14వ నంబరు ఇంట్లో ఫ్రాన్స్వా గ్జావియే గార్నో ఉండేవాడు. కెనడా ఫ్రెంచివాళ్ళు తమ మొదటి పెద్ద చరిత్రకారుడిగా చెప్పుకునేది ఈయన్నే. 1866 ఫిబ్రవరిలో, 56 ఏళ్ళ వయసులో, ఈ ఇంట్లోనే పోయాడు. నేను వెళ్ళినప్పుడు ఆ కాలపు సామానుతో ఉన్న గదులు తిప్పి చూపించారు. కుర్చీలూ గడియారాలూ నాకు అంతగా పట్టలేదు. ఒక నోటరీ చరిత్రకారుడెలా అయ్యాడన్నదే నన్ను అక్కడికి లాక్కెళ్ళింది.

నోటరీ అంటే మన కోర్టు ముందు బల్ల వేసుకుని అఫిడవిట్ల మీద ముద్ర గుద్దే ఆయన కాదు. ఇంగ్లీషువాళ్ళు క్యుబెక్‌ను గెలుచుకున్నా, 1774 చట్టంతో అక్కడి ఫ్రెంచి సివిల్ న్యాయాన్ని ఉండనిచ్చారు. దాని ప్రకారం భూమి అమ్మకాలు, వీలునామాలు, పెళ్ళి ఒప్పందాలు రాయడం, చదివి వినిపించడం, సంతకాలు పెట్టించడం నోటరీ పని. నకలు ఇచ్చి అసలు తన దగ్గరే భద్రం చేయాలి. మన దస్తావేజు లేఖరినీ పాతకాలపు కరణాన్నీ కలిపితే సుమారుగా ఆ మనిషి అవుతాడు.

గార్నో తండ్రి జీనులు కుట్టేవాడు. కొడుకును కాలేజీకి పంపే స్తోమతు లేదు. పదహారేళ్ళ కుర్రాడు ఆర్చిబాల్డ్ క్యాంప్‌బెల్ అనే స్కాటిష్ మూలాల నోటరీ దగ్గర పనికి కుదిరాడు. క్యాంప్‌బెల్ తన పుస్తకాల బీరువా తెరిచి పెట్టాడు. ఈ ఒక్క పనికే ఆయనకు దండం పెట్టాలి. కుర్రాడు లాటిన్ కూడా సొంతంగానే నేర్చుకున్నాడు. 1830లో నోటరీ అయ్యాడు. మరుసటి ఏడే లండన్ వెళ్ళి, అక్కడ క్యుబెక్ తరఫున మాట్లాడుతున్న వీజే అనే ఆయనకు కార్యదర్శిగా ఉండి, 1833లో తిరిగొచ్చాడు.

చరిత్ర ఎందుకు రాశాడన్నదానికి ఒక కథ ప్రచారంలో ఉంది. ఆఫీసులో ఇంగ్లీషు గుమాస్తాలు మీకు చరిత్రే లేదని ఎగతాళి చేశారట, నేను రాస్తానని ఈయన శపథం చేశాడట. జీవితచరిత్ర రాసిన కాస్‌గ్రేన్ మతగురువు దీన్ని వ్యాప్తిలోకి తెచ్చాడు. మరీ నాటకంలా ఉంది. గార్నో స్వయంగా తన ప్రయాణ పుస్తకంలో చెప్పుకున్నది నాకు ఎక్కువ నచ్చింది: సేంట్ ఆగస్టీన్ కొండ మీద తెల్లటి ఇంటి ముందు కూర్చుని, వణికే చేత్తో నదిని చూపిస్తూ, 1760లో ‘అటలాంట్’ అనే ఫ్రెంచి యుద్ధనౌక ఇంగ్లీషు ఓడలతో పోరాడిన చోటును మనవళ్ళకు చూపించే తాత. ఆ పోరాటాన్ని తాత చిన్నప్పుడు కళ్ళారా చూశాడు. నోటరీ భాషలో చెప్పాలంటే ప్రత్యక్ష సాక్షి.

ఇంగ్లీషు పాలన మీద 1837లో లేచిన తిరుగుబాటు అణిగాక గవర్నర్‌గా వచ్చిన లార్డ్ డరమ్, ఈ ఫ్రెంచి ప్రజలకు చరిత్రా లేదు, సాహిత్యమూ లేదని 1839 నాటి తన నివేదికలో రాశాడు. ఇంగ్లీషువాళ్ళలో కలిసిపోవడమే వీళ్ళకు మేలన్నాడు. గార్నో చరిత్ర మొదటి సంపుటం 1845లో వచ్చింది, మూడోది 1848లో. అప్పటికి ఆయన క్యుబెక్ నగర కార్యదర్శి. పగలు మునిసిపాలిటీ కాగితాలు, మిగతా పొద్దు చరిత్ర. మూర్ఛ జబ్బు కూడా పట్టుకుంది. పారిస్ దస్తావేజులకు నకళ్ళు న్యూయార్క్ రాష్ట్రం ఆల్బనీలో ఉన్నాయంటే అక్కడికి వెళ్ళి చూశాడు. వాటిని అందుబాటులోకి తెచ్చిన ఒకాలహన్ 1837లో దేశం వదిలి పారిపోయిన తిరుగుబాటుదారు కావడం వింతల్లో వింత.

పుస్తకం రాగానే కాథలిక్ మతగురువులకు కోపం వచ్చింది. ఫ్రెంచి పాలనలో ప్రొటెస్టెంట్లను వలసకు రానివ్వకపోవడం పొరపాటని రాశాడు మరి! తర్వాతి ముద్రణల్లో కొంత మెత్తబడ్డాడు. మనిషికి ఉద్యోగమూ సంసారమూ ఉన్నాయి, తప్పు పట్టలేను.

ఆ ఇంట్లో నాకు ఆసక్తి కలిగించినది ఈ పుస్తకం కుటుంబ ఆస్తిగా మారిన తీరు. తండ్రి పోయాక కొడుకు ఆల్ఫ్రెడ్ నాలుగో ముద్రణ తెచ్చాడు. ఆయన ఒట్టావాలో సెనేట్ అనువాదకుడు, కవి. బతికుండగా కవితా సంపుటి వేసుకోలేదు. 1904లో పోయాక కొడుకు ఎక్తోర్ అచ్చు వేయించాడు. ఆ ఎక్తోరే 1913 నుంచి అయిదో ముద్రణ తెస్తూ తాత మొదట్లో రాసిన ఘాటు వాక్యాలను తిరిగి చేర్చాడు. పాత గొడవలూ తిరిగొచ్చాయి.

బయటకొచ్చి పార్లమెంటు వైపు నడిస్తే అక్కడ గార్నో విగ్రహం. పాల్ షెవ్రే అనే ఫ్రెంచి శిల్పి చేసింది, 1912లో ఆవిష్కరించారు. అదే ఏడు ఏప్రిల్‌లో షెవ్రే టైటానిక్ నుంచి ప్రాణాలతో బయటపడ్డాడు. అదే ఏడు ఆల్ఫ్రెడ్‌కు మనవడు పుట్టాడు, పేరు సేన్ దెనీ గార్నో. 1937లో ఒకే ఒక్క కవితా సంపుటి తెచ్చి, 1943లో 31 ఏళ్ళకే పోయాడు. ముత్తాత చరిత్ర సంపుటాలు పండితుల బల్లల మీదికి చేరాయి. కవిత్వం చదివేవాళ్ళు ఆ కుర్రాడి సన్నటి పుస్తకాన్ని ఇప్పటికీ కొంటున్నారు.