మూడు వందల పదిహేను

2024 సెప్టెంబర్ 11, విజయవాడ

సింగ్‌నగర్‌లో పిన్ని వాళ్లింట్లో నీళ్లు తీశాయి. బురద మిగిలింది. గోడ మీద నీటి చార క్యాలెండర్‌కి పైన ఉంది. ఒకటో తారీకు ఆదివారం బుడమేరు వాగు వచ్చి పడినప్పుడు బాబాయినీ పిన్నినీ పడవ మీద దాటించారు. పొద్దుటి నుంచి నాన్న, నేను బురద ఎత్తిపోస్తూనే ఉన్నాం.

మధ్యాహ్నం పిన్ని బీరువా కింది అర లాగి అక్కడే చతికిలబడింది. బాబాయి ల్యూకేమియాకి వాడే ఇమాటినిబ్ మాత్రలు, మూడు నెలలకని తెచ్చిపెట్టినవి, బురదలో ముద్దయిపోయాయి. అప్పుడు తెలిసింది. రోజుకి 400 మిల్లీగ్రాములు, తొమ్మిదేళ్లుగా తప్పని మందు, తొమ్మిది రోజులు తప్పింది. పిన్ని మా ఇంట్లోనే ఉండి కూడా ఎవరితో అనలేదు. ప్రాణాలతో బయటపడ్డాం, మళ్లీ మందులు తెమ్మని ఏం అడుగుతాం అనుకుందట.

సాయంత్రం గవర్నర్‌పేట వెళ్లి కొనుక్కొచ్చాను.

2024 డిసెంబర్ 8, విజయవాడ

బాబాయి రక్తంలో జబ్బు ఎంతుందో కొలిచే పీసీఆర్‌లో నవంబర్‌లో అంకె పెరిగిందంటే మ్యుటేషన్ పరీక్షకి పంపారు. రిపోర్టు వచ్చింది: టీ315ఐ, ఇమాటినిబ్‌కి లొంగని మార్పు. ఫోన్‌లో చూస్తూ బందరు కాలవ వంతెన మీద చాలాసేపు నిలబడ్డాను. ఏడాదిగా ల్యాబ్‌లో నేను ఎలుకల్లో పెంచుతున్న మార్పు ఇదే.

పిన్ని ఒకటే మాట: "నా వల్లే అయింది. ఆ మాత్రలు పైన పెట్టి ఉంటే..."

కాదు పిన్నీ అన్నాను. ఎందుకు కాదో చెప్పడానికి నోరు రాలేదు.

2025 జనవరి 12, విజయవాడ

రేపు భోగి. ఇవాళ యల్లాప్రగడ సుబ్బారావు గారి పుట్టినరోజు. 1895లో భీమవరంలో పుట్టారు. అన్నదమ్ములిద్దరు స్ప్రూ జబ్బుతో రోజుల తేడాలో పోయారు. తర్వాత అమెరికాలో లెడర్లే ప్రయోగశాలలో ఆయన బృందం ఫోలిక్ ఆసిడ్ మీద పనిచేస్తూ, దానికి అడ్డుపడే అమినోప్టెరిన్ తయారుచేసింది. దాన్ని బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ ల్యూకేమియా పిల్లలకిచ్చాడు. 1948లో అచ్చయిన ఆ పత్రంలో 16 మంది పిల్లలు. 10 మంది తేరుకున్నారు. అప్పటిదాకా ల్యూకేమియాలో మందుతో అలా తేరుకోవడం వైద్యులు ఎరగరు.

ఈ రాత్రి నన్ను పట్టుకున్నది ఆ పత్రం పేరు. అందులో మొదటి మాటే 'తాత్కాలిక'. తేరుకున్న పిల్లలకి జబ్బు మళ్లీ వచ్చింది. మందు పుట్టిన రోజునే మందుకి లొంగకపోవడమూ నమోదైంది. సుబ్బారావు గారు ఆ ఆగస్టులోనే వెళ్లిపోయారు, 53 ఏళ్లకి.

జబ్బు ఎందుకు తిరిగొచ్చిందన్న ప్రశ్నని ఎలుకల దగ్గరికి తీసుకెళ్లినవాడు లాయిడ్ లా. ల్యూకేమియా కణాలు ఆ తరగతి మందులకి ఎలా లొంగకుండా పోతాయో ఎలుకల్లో చూసి 1952లో రాశాడు. మందు తగిలాక కణాలు నేర్చుకున్న విద్య కాదది. మందు రాకముందే, కణాలు విడిపోతూ పెరిగేటప్పుడు, ఏ కొన్నిట్లోనో దానంతటది జరిగిన మార్పు. మందు మిగతావాటిని చంపి వీటికి చోటు ఖాళీ చేస్తుంది.

ఇది నేను పరీక్షల కోసం ఎన్నిసార్లో చదివాను. పిన్ని కోసం చదవడం ఇదే మొదలు.

2025 మార్చి 2, శాతవాహన ఎక్స్‌ప్రెస్‌లో

ల్యాబ్ నుంచి ఇంటికి. బండి ఖమ్మం దాటింది. తోచింది రాసుకుంటున్నాను.

బాబాయి జబ్బులో 9వ, 22వ క్రోమోజోముల ముక్కలు తారుమారై ఒక కొత్త ప్రొటీన్ పుడుతుంది, బీసీఆర్-ఏబుల్. అది ఆగకుండా 'పెరుగు, పెరుగు' అని కణాన్ని తోలుతుంది. ఇమాటినిబ్ దాని గూట్లో దూరి కూర్చుంటుంది. 315వ చోట ఉన్న థ్రియోనిన్ దానికి పట్టు. డీఎన్‌ఏలో అక్కడ ఏ-సీ-టీ అని ఉంటుంది. సీ పోయి టీ వచ్చిందా, థ్రియోనిన్ బదులు ఐసోల్యూసిన్ వస్తుంది. పట్టు పోతుంది, పైగా దారికి అడ్డం. 300 కోట్ల అక్షరాల్లో ఒక్కటి మారితే చాలు.

ల్యాబ్‌లో ఆ అక్షరాన్ని మార్చడానికి క్రిస్పర్ వాడతాను. మామూలు క్రిస్పర్ డీఎన్‌ఏ రెండు పోగుల్నీ తెంపుతుంది. నేను వాడేది 2016లో వచ్చిన రకం. రెండు పోగుల్నీ తెంపకుండా, చెప్పిన చోట సీని టీగా దిద్దుతుంది. పక్కనున్న సీని కూడా పొరపాటున దిద్దుతుంది గనక, దిద్దిన ప్రతిదాన్నీ సీక్వెన్సింగ్ చేసి చూసుకోవాలి. నాలుగు నెలలు దానికే పోయాయి. లా కాలంలో వచ్చిన మార్పుని చూడగలిగారు, తేలేకపోయారు. ఇప్పుడు మిగతాదంతా ముట్టకుండా ఆ ఒక్క అక్షరమే మార్చి, మందుకి లొంగకపోవడానికి ఇదొక్కటే సరిపోతుందా అని అడగొచ్చు. అందుకే ఈ పని.

దిద్దిన ల్యూకేమియా కణాలకి పచ్చరంగు, దిద్దనివాటికి ఎరుపు వెలిగేలా చేశాను. వెయ్యికి ఒకటి చొప్పున పచ్చవి కలిపి తెల్ల చిట్టెలుకల తోకనరంలోకి ఎక్కించాను. సగం ఎలుకలకి ఇమాటినిబ్, సగానికి లేదు. మందు లేని ఎలుకల్లో పచ్చవి అంతే కొద్దిగా ఉండిపోయాయి. మందు ఇచ్చినవాటిలో ఎరుపు తగ్గింది, కొన్నాళ్లకి తెరంతా పచ్చ.

బరువు తగ్గి, బొచ్చు నిక్కబొడుచుకుని, వీపు గూనిలా ముడుచుకున్న ఎలుకని ఇక బాధపెట్టకూడదు, నిద్రపుచ్చాలి. ఎథిక్స్ కమిటీ షరతు అది. షరతు లేకపోయినా అంతే చేస్తాను. నిన్న మూడింటికి చేశాను. చేతిలో ఉన్నంతసేపూ అవి వెచ్చగా ఉన్నాయి.

2025 మే 6, మొవ్వ దగ్గర మా ఊరు

మినుము తీసేశాక నేల నెర్రెలిచ్చి ఉంది. బాబాయి పేపర్ తెచ్చి నా ముందు పెట్టాడు. హైదరాబాద్ వరి పరిశోధన సంస్థ వాళ్లు జన్యువు దిద్ది చేసిన 'కమల' వరిని మొన్న 4న ప్రకటించారు. మూలం సాంబ మసూరి, అంటే మా ఇళ్లల్లో బీపీటీ. వెన్నులో గింజల సంఖ్యని అదుపు చేసే జన్యువుని క్రిస్పర్‌తో మార్చారు. గింజలెక్కువ, ఇరవై రోజులు ముందే కోతకొస్తుంది.

"నీ కత్తెరేనా అమ్మాయ్ ఇది?"

అదే కోవ బాబాయ్ అన్నాను. మరి ఎలుకలకి ఏం చేస్తున్నావని అడిగాడు. గట్టు మీద కూర్చుని ఎరుపూ పచ్చా అంతా చెప్పాను. రిపోర్టులో ఉన్న అక్షరం అదేనని కూడా చెప్పాను. చాలాసేపు చేను వంక చూశాడు.

"అంటే దోమపోటు లాంటిదే కదా" అన్నాడు. "ఇమిడాక్లోప్రిడ్ వచ్చిన కొత్తలో ఒక్క దఫా కొడితే దోమ రాలిపోయేది. ఏటా అదే కొట్టాం. చావనిది మిగిలింది, దాని పిల్లలే చేనంతా. మందు దోమని మార్చలా. అది అక్కడే ఉంది."

ఇన్నాళ్లూ నాకు దొరకని మాట ఇదే.

2025 జూన్ 15, విజయవాడ

బాబాయి పొనాటినిబ్ మొదలెట్టి నాలుగు నెలలు దాటింది. 315 మారినా పట్టగలిగేలా తయారుచేసిన మందు. రక్తం గడ్డలు కట్టే ముప్పుంది, బీపీ రోజూ చూసుకోవాలి. పోయిన పీసీఆర్‌లో అంకె దిగింది.

రాత్రి భోజనాల దగ్గర బాబాయే ఎత్తాడు, దోమ కథతో. పిన్ని కలుపుకున్న అన్నం అలాగే పట్టుకుని వింది. తర్వాత నన్ను సూటిగా అడిగింది: "అయితే ఆ తొమ్మిది రోజుల వల్ల ఏమీ కాలేదంటావా?"

అబద్ధం చెప్పలేదు. మందు తప్పితే జబ్బుకి సందు దొరుకుతుంది, తప్పకూడదు పిన్నీ అన్నాను. కానీ తొమ్మిది రోజులు మందు ఆగితే అన్ని కణాలూ పెరుగుతాయి, 315 ఒక్కటే పెరగదు. మిగతావి చచ్చి అది ఒక్కటే మిగలాలంటే మందు పడుతూ ఉండాలి. తొమ్మిదేళ్లు నువ్వు వేళకి ఇచ్చావు గనకే మిగతావన్నీ పోయాయి. ఆ అక్షరం నువ్వు మార్చింది కాదు.

ఏమీ అనలేదు. అన్నం తినేసింది. చెయ్యి కడుక్కుని వచ్చి, "నువ్విక్కడుంటే ఆ ఎలుకలకి మేత ఎవరు వేస్తారే?" అంది.

వేసే మనిషి ఉన్నాడని చెప్పాను. పొద్దున్న ఒకసారి ఫోన్ చేసి కనుక్కోమంది.