భీముడికి వీడ్కోలు

మా ఇంటి ఫైటర్ చేప పేరు భీముడు. బొటనవేలంత ఒళ్లు, దానికి నాలుగింతల పౌరుషం. గాజు గోడలో తన నీడ కనిపిస్తే చాలు, మొప్పలు విప్పుకుని యుద్ధానికి దిగేవాడు. ఉండుండి పైకొచ్చి గుటుక్కున ఓ బుక్క గాలి మింగేవాడు. నీటిలో ప్రాణవాయువు చాలకపోయినా నేరుగా గాలి పీల్చుకునే అవయవం ఈ జాతికి ఉంది. వీళ్ల పుట్టిల్లు థాయ్‌లాండ్. అక్కడి ప్రభుత్వం 2019లో ఫైటర్ చేపను జాతీయ జలచరంగా ప్రకటించింది. అలాంటి వంశంవాడు చనిపోతే, కమోడ్‌లో వేసి నీళ్లు వదిలేద్దామన్నాడు మా వాడు. ఇల్లంతా వాడి మీద పడింది.

అగ్గిపెట్టెలో దూది పరిచి పడుకోబెట్టాం. తులసికోట దగ్గర కుదరదని అమ్మ తేల్చేసింది. కరివేపాకు కుండీ ఖాయమైంది. పాప నిలబడి సంతాపం చదివింది: "భీముడు చాలా మంచివాడు. అద్దంతో తప్ప ఎవరితోనూ గొడవ పడలేదు." ఏడుస్తున్నవాళ్లమే పకపకా నవ్వేశాం. నవ్వినంత మాత్రాన ప్రేమ తగ్గదు. చిన్న ప్రాణాన్ని ఇంటిల్లిపాదీ కూడి సాగనంపడం నాకెంతో నచ్చింది.

ఆదివారం కొరమీను పులుసు లేనిదే ముద్ద దిగని నాన్న, ఆ వారం సంచీ నిండా బెండకాయలు తెచ్చారు. ఎవరూ కారణం అడగలేదు. మా వాడు మాత్రం నానమ్మ పక్కన చేరి, "పదకొండో రోజు గారెలుంటాయా?" అన్నాడు. అమ్మ మినప్పప్పు నానబోసింది.